పరదేశపు చలానా: ఇటలీలో అద్దె కారు నడిపినవారి ఇంటికి వచ్చే ఉత్తరం

ఇటలీలో అద్దె కారు నడిపి స్వదేశానికి తిరిగివచ్చిన ప్రయాణికుడికి అక్కడి అతివేగపు జరిమానా ఒక్కసారిగా, ఒక్క కాగితంగా రాదు. ముందుగా క్రెడిట్ కార్డు నుంచి 40, 50 యూరోలు తగ్గినట్టు బ్యాంకు సందేశం వస్తుంది. ఆ సంగతి మరచిపోయే వేళకు, అంటే ఆరేడు నెలలకో, ఒక్కొక్కప్పుడు ఏడాది దాటాకో, ఇటలీలోని ఏదో ఊరి పోలీసు విభాగం పేరు మీద రిజిస్టర్డ్ కవరు ఇంటికి చేరుతుంది. రెండింటికీ మూలం ఒకే తప్పు అయినా రెండూ ఒకే సొమ్ము కావు. మొదటిది కారు అద్దెకిచ్చిన సంస్థ తాను చేసిన కాగితాల పనికి తీసుకున్న రుసుము, రెండోది ప్రభుత్వానికి చెల్లించవలసిన అసలు జరిమానా. ఈ తేడా తెలియనివారు మొదటి సొమ్ము పోయినప్పుడే లెక్క తీరిపోయిందనుకుని రెండో కవరును పక్కన పెట్టేస్తారు. అలా పెట్టిన కవరులోని అంకె రెండు నెలలు తిరిగేసరికి రెట్టింపవుతుంది. చేతిలో ఉన్న కాగితం ఎవరు పంపినది, అందులోని గడువు ఏ రోజు నుంచి లెక్కకు వస్తుంది అన్న రెండు విషయాలు తేల్చుకోవడమే ఈ వ్యవహారంలో అన్నిటికన్నా ముఖ్యమైన పని.

భారతీయ లైసెన్సు ఉన్నవారు ఇటలీలో కారు నడపాలంటే ఆ లైసెన్సుతో పాటు ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ కూడా దగ్గర ఉండాలి. 1949 నాటి జెనీవా రోడ్డు రవాణా ఒప్పందాన్ని అనుసరించి, లైసెన్సు ఇచ్చిన దేశమే దాని వివరాలను ఇతర దేశాలవారికి అర్థమయ్యే రూపంలో ధ్రువీకరించి ఇచ్చే పత్రమిది. మన రవాణా శాఖ కార్యాలయాలు దీన్ని 1,000 రూపాయల రుసుముతో, ఏడాది గడువుతో జారీ చేస్తాయి. విమానాశ్రయంలో కారు తీసుకునేటప్పుడు అద్దె సంస్థ ఉద్యోగి ఈ పత్రాలను చూసి ఒప్పందంలో పేరు, లైసెన్సు నంబరు, చిరునామా నమోదు చేస్తాడు. ప్రయాణపు తొందరలో ఎవరూ పట్టించుకోని ఆ చిరునామా గడికే తరువాతి కథంతా వేలాడుతుంది, ఎందుకంటే పోలీసులకు తెలిసే చిరునామా అదొక్కటే. ఫ్లాట్ నంబరు తప్పుపడినా, పిన్ కోడ్ జారిపోయినా, పాత లైసెన్సులోని పాత ఇల్లు రాసుకున్నా ఉత్తరం ఎక్కడో తిరిగి తిరిగి ఆలస్యంగా చేరుతుంది, లేదా చేరదు.

కంటికి కనిపించని అంకె

ఇటలీ రోడ్డు చట్టం పేరు 'కోదిచె దెల్లా స్త్రాదా'. 1992లో రూపొందిన ఈ శాసనంలోని 142వ అధికరణం వేగ పరిమితులను చెబుతుంది. టోలు వసూలు చేసే పెద్ద రహదారిని అక్కడ ఆటోస్ట్రాడా అంటారు, దాని మీద గంటకు 130 కిలోమీటర్ల దాకా వెళ్లవచ్చు. మధ్యలో డివైడరు ఉన్న ప్రధాన రహదారుల మీద 110, ఊళ్ల మధ్య మామూలు రోడ్ల మీద 90, ఊరి లోపల 50 పరిమితి. వాన పడుతున్నా మంచు కురుస్తున్నా ఆటోస్ట్రాడా మీది 130 తనంతట తానే 110కి, ప్రధాన రహదారి మీది 110 కూడా 90కి దిగిపోతాయి. ఆ సంగతి గుర్తుచేస్తూ రోడ్డు పక్కన ఎవరూ ఏ బోర్డూ మార్చరు.

కొత్తవారు ఎక్కువగా చిక్కుకునేది ఆటోస్ట్రాడా మీద కాదు, ఊరి పొలిమేరలో. టస్కనీ కొండల మధ్య 90 వేగంతో సాగే రోడ్డు పక్కన తెల్లని దీర్ఘచతురస్రపు పలక ఒకటి కనిపిస్తుంది, దాని మీద నల్లని అక్షరాలతో ఊరి పేరు తప్ప మరేమీ ఉండదు. మన దగ్గర అటువంటి పలక ఊరికి స్వాగతం చెప్పడానికి మాత్రమే ఉంటుంది. అక్కడ ఆ పేరే చట్టం: ఆ పలక దాటిన క్షణం నుంచి, కింద అంకె రాసి ఉన్నా లేకపోయినా, పరిమితి 50 అవుతుంది. అదే పేరు మీద ఎర్రటి అడ్డగీత గీసిన పలక కనిపించేదాకా ఆ పరిమితి వదలదు. రోడ్డుకు రెండు పక్కలా ద్రాక్ష తోటలే ఉండి ఒక్క ఇల్లయినా కనిపించకపోతే, ఊరు ఇంకా రాలేదని భ్రమపడి కాలు తీయని డ్రైవరు, సరిగ్గా అక్కడే నిలిపిన పెట్టె ముందు నుంచి వెళ్లిపోతాడు.

ఆ పెట్టెను ఇటలీ అంతటా ఆటోవెలోక్స్ అంటారు. అక్కడక్కడ స్తంభానికి బిగించిన కెమెరా, కొన్నిచోట్ల మూడు కాళ్ల స్టాండు మీద పోలీసులు అమర్చే యంత్రం, అన్నిటికీ ఈ పేరే వాడుకలో ఉంది. వేగాన్ని కొలుస్తున్నట్టు ముందుగా బోర్డు పెట్టి తెలపాలని చట్టం చెబుతుంది కాబట్టి, 'కంట్రోల్లో ఎలెత్త్రోనికో దెల్లా వెలొచితా' అన్న అక్షరాలు కనిపించినప్పుడు దాని అర్థం వేగానికి యంత్రపు నిఘా ఉందని తెలుసుకోవాలి. ఇటువంటి యంత్రాలకు ఐరోపాలో మార్గదర్శి అయిన మౌస్ గాట్సోనీడెస్ అనే డచ్చి దేశస్థుడు స్వయంగా 1953లో మాంటె కార్లో ర్యాలీ గెలిచిన పందెపు డ్రైవరు. మలుపుల్లో తన కారు ఎంత వేగంగా తిరుగుతోందో కొలుచుకుని ఇంకా వేగం పెంచుకోవడానికి చేసుకున్న పరికరమే తరువాతి కాలంలో వేగాన్ని అదుపు చేసే సాధనమైంది.

ఆటోస్ట్రాడా మీద 2005 నుంచి ట్యుటోర్ అనే మరో పద్ధతి అమలులో ఉంది. ఇందులో ఒక చోట వేగాన్ని కొలవరు. రోడ్డుకు అడ్డంగా కట్టిన రెండు కమానుల దగ్గర కారు నంబరును, సమయాన్ని నమోదు చేసి, ఆ రెండింటి మధ్య దూరాన్ని పట్టిన కాలంతో భాగిస్తారు. కమానుల మధ్య 15 కిలోమీటర్లు ఉన్నాయనుకుంటే, 130 వేగంతో వెళ్లేవారికి ఆ దూరం దాటడానికి దాదాపు 6 నిమిషాల 55 సెకన్లు పడుతుంది. సరిగ్గా 6 నిమిషాల్లో రెండో కమాను చేరినవారి సగటు వేగం 150 అని గడియారమే చెబుతుంది. కెమెరా కనిపించినప్పుడు బ్రేకు తొక్కి, దాటగానే మళ్లీ వేగం పెంచే అలవాటు ఈ లెక్క ముందు పనికిరాదు.

ఒక్క కిలోమీటరు విలువ

యంత్రం చూపిన వేగాన్ని చట్టం ఉన్నదున్నట్టుగా తీసుకోదు. కొలతలో పొరపాటుకు అవకాశం ఇస్తూ ఆ అంకెలో 5 శాతం, కనీసం 5 కిలోమీటర్లు, డ్రైవరుకు అనుకూలంగా తగ్గించిన తరువాతే పరిమితిని ఎంత మించాడో చూస్తారు. ఆ మించిన వేగాన్ని నాలుగు మెట్లుగా విభజించారు. 10 కిలోమీటర్ల లోపు మించితే జరిమానా 42 నుంచి 173 యూరోల మధ్య, 10 దాటి 40 లోపు అయితే 173 నుంచి 694 మధ్య, 40 దాటి 60 లోపు అయితే 543 నుంచి 2,170 మధ్య, 60 దాటితే 845 నుంచి 3,382 మధ్య ఉంటుంది. గడువులోగా కట్టేవారికి ఈ శ్రేణిలో కనిష్ఠ మొత్తమే వర్తిస్తుంది. పై రెండు మెట్లలో డబ్బుతో పాటు లైసెన్సును కొంతకాలం నిలిపివేసే శిక్ష కూడా ఉంటుంది.

ఈ మెట్ల మధ్య దూరం ఎంత సన్ననిదో ఊరి లోపలి ఉదాహరణ చూస్తే తెలుస్తుంది. పరిమితి 50 ఉన్న చోట యంత్రం 65 చూపితే, 5 తీసివేయగా 60 మిగులుతుంది, పరిమితిని మించినది సరిగ్గా 10 కనుక మొదటి మెట్టులోనే ఉండి 42 యూరోలతో పోతుంది. అదే యంత్రం 66 చూపితే మించినది 11 అవుతుంది, జరిమానా ఒక్కసారిగా 173 యూరోలకు చేరుతుంది. స్పీడోమీటరు ముల్లులో కంటికి ఆనని ఒక్క కిలోమీటరు తేడాకు నాలుగు రెట్ల సొమ్ము. పైగా రాత్రి 10 గంటల నుంచి ఉదయం 7 గంటల మధ్య చేసిన తప్పుకు జరిమానా మూడో వంతు పెరుగుతుంది కాబట్టి, తెల్లవారుజామున విమానం అందుకోవడానికి ఖాళీ రోడ్ల మీద పరుగెత్తేవారికి ఆ 42 కాస్తా 56 అవుతుంది, 173 కాస్తా 230 దాటుతుంది.

ఉత్తరం ప్రయాణించే దారి

కెమెరాకు తెలిసేది కారు నంబరు ఒక్కటే. ఆ నంబరు అద్దె సంస్థ పేరు మీద నమోదై ఉంటుంది కాబట్టి పోలీసుల మొదటి నోటీసు ఆ సంస్థకే వెళుతుంది, తప్పు జరిగిన 90 రోజుల లోపు పంపాలన్నది అక్కడి నియమం. ఆ రోజు, ఆ గంటలో కారు ఎవరి ఒప్పందం కింద ఉందో సంస్థ తన రికార్డులు చూసి పోలీసులకు తెలుపుతుంది. కారును అద్దెకు తీసుకున్న వ్యక్తే యజమాని స్థానంలో జరిమానాకు బాధ్యుడని చట్టం చెబుతుంది కనుక సంస్థ తన బాధ్యత నుంచి అక్కడితో బయటపడుతుంది. ఆ తరువాత పోలీసులు రెండో నోటీసు తయారుచేసి విదేశీ చిరునామాకు పంపుతారు. ఇటలీ బయట నివసించేవారికి నోటీసు అందించడానికి చట్టం ఇచ్చిన వ్యవధి 360 రోజులు; ఆ లెక్క తప్పు జరిగిన రోజు నుంచి కాక, డ్రైవరు వివరాలు పోలీసులకు తెలిసిన రోజు నుంచి మొదలవుతుంది. సెలవుల్లో చేసిన ప్రయాణానికి మరుసటి ఏడాది సెలవులు కూడా గడిచాక చలానా రావడంలో వింత ఏమీ లేదని, అలా వచ్చినంత మాత్రాన అది చెల్లదనుకోవడం పొరపాటని ఈ రెండు గడువులను కలిపి చూస్తే అర్థమవుతుంది.

అద్దె సంస్థ వసూలు చేసే రుసుము ఈ దారిలో మొదటి మజిలీ దగ్గర పుడుతుంది. పోలీసులకు వివరాలు పంపినందుకు ఒక్కో నోటీసుకు ఇంత అని సాధారణంగా 40 నుంచి 60 యూరోల మధ్య ఒక మొత్తం అద్దె ఒప్పందంలోనే చిన్న అక్షరాలతో రాసి ఉంటుంది, సంతకం చేసినవారు దానికి ముందే ఒప్పుకున్నట్టు లెక్క. జరిమానా కన్నా ముందు, జరిమానా కన్నా ఎక్కువగా కూడా ఈ రుసుము పడవచ్చు. 42 యూరోల తప్పుకు 50 యూరోల రుసుము పడినప్పుడు బాధ కలగడం సహజం, ఆ బాధలో న్యాయం కూడా ఉంది, ఎందుకంటే నాలుగు వివరాలు నింపి పంపే పనికి అది చాలా ఎక్కువ. అయినా ఒప్పందంలో ఉన్న రుసుము గురించి బ్యాంకుకు ఫిర్యాదు చేస్తే సాధారణంగా సంతకమే ఎదురునిలుస్తుంది. అడగవలసినది మరొకటి ఉంది: పోలీసులు పంపిన నోటీసు నకలు. అందులో తేదీ, చోటు, కారు నంబరు ఉంటాయి కనుక అసలు చలానా రాకముందే ఏం జరిగిందో తెలుస్తుంది, నకలు చూపలేని సంస్థ తీసుకున్న రుసుమును నిలదీయడానికి ఆధారమూ దొరుకుతుంది.

ఒక్కో నోటీసుకు ఒక్కో రుసుము అన్న నియమం వేగం విషయంలో కన్నా మరో తప్పు విషయంలో ఎక్కువ దెబ్బతీస్తుంది. ఫ్లోరెన్స్, పీసా, సియెనా, రోమ్ వంటి నగరాల పాత బస్తీలలోకి అనుమతి లేని వాహనాలు రాకూడదు, ఆ ప్రాంతాన్ని 'జోనా ఎ ట్రాఫికో లిమిటాటో' అని, పొట్టిగా జెడ్‌టీఎల్ అని పిలుస్తారు. ప్రవేశం దగ్గరి కెమెరా లోపలికి వచ్చిన ప్రతిసారీ నంబరు తీసుకుంటుంది, అనుమతి లేని ప్రవేశానికి జరిమానా కనీసం 83 యూరోలు. హోటలు వెతుక్కుంటూ మూడు నగరాల్లో ఇలా లోపలికి వెళ్లిన కుటుంబానికి మూడు చలానాలు, వాటి మీద మూడు రుసుములు పడే అవకాశం ఉంది. పాత బస్తీలో హోటలు తీసుకున్నవారు కారు నంబరును హోటలు వారి ద్వారా ముందే నమోదు చేయించుకుంటే ఈ గొడవ ఉండదు.

కవరు విప్పినప్పుడు

చలానాను ఇటలీలో 'వెర్బాలే' అంటారు, పోలీసులు రాసిన నివేదిక అని దాని అర్థం. విదేశీయులకు పంపే ప్రతితో సాధారణంగా ఇంగ్లీషు అనువాదం కూడా జతచేస్తారు. కొన్ని మునిసిపాలిటీలు ఈ పనిని ఫ్లోరెన్స్‌లోని నివి వంటి సంస్థలకు అప్పగించాయి కాబట్టి కవరు మీద పోలీసు ముద్రతో పాటు అటువంటి సంస్థ పేరు కనిపించినంత మాత్రాన అది మోసమని చించివేయకూడదు. పరిశీలించవలసినది లోపలి విషయం: తప్పు జరిగిన తేదీ, నిమిషంతో సహా సమయం, రోడ్డు పేరు, కిలోమీటరు రాయి అంకె, కారు నంబరు, యంత్రం కొలిచిన వేగం, 5 శాతం తగ్గించాక మిగిలిన వేగం, యంత్రం పేరు. వీటిని అద్దె ఒప్పందంలోని కారు నంబరుతో, కారు తీసుకున్న, తిరిగి ఇచ్చిన గంటలతో పక్కపక్కన పెట్టి చూస్తే అది తన కారేనా, ఆ వేళ తానే నడిపానా అన్నది పది నిమిషాల్లో తేలిపోతుంది. కారు తిరిగి ఇచ్చేసిన రెండు గంటల తరువాతి సమయం చలానాలో ఉంటే ఆ తప్పు తరువాతి అద్దెదారుడిదన్నమాట.

అసలైన చలానాను గుర్తించడానికి ఈ వివరాలే గీటురాయి. తెలుగు రాష్ట్రాల్లో ఈ-చలానా పేరుతో ఫోనుకు లింకులు, ఏపీకే ఫైళ్లు పంపి ఖాతాలు ఖాళీ చేసే మోసాలు అందరూ ఎరిగినవే. ప్రయాణం చేసిన దేశం పేరు తప్ప కారు నంబరు, చోటు, నిమిషం లేని సందేశం వస్తే, అది ఎంత అధికారికంగా కనిపించినా, అందులోని లింకు ముట్టుకోకుండా అద్దె సంస్థను అడగడమే మంచిది. పోలీసుల నోటీసు వచ్చి ఉంటే ఆ సంస్థకు తెలియకుండా ఉండదు.

నిజమైన చలానా అని తేలాక, కవరు అందిన రోజు నుంచి గడియారం నడుస్తుంది. 5 రోజుల లోపు కడితే కనిష్ఠ జరిమానాలో 30 శాతం తగ్గుతుంది, అంటే 42 యూరోలకు 29.40, 173 యూరోలకు 121.10 చాలు. లైసెన్సు నిలిపివేత ఉన్న పెద్ద తప్పులకు మాత్రం ఈ తగ్గింపు లేదు. 5 రోజులు దాటినా 60 రోజుల లోపయితే కనిష్ఠ మొత్తం కట్టవచ్చు. 60 రోజులు దాటిన మరునాటి నుంచి కట్టవలసినది గరిష్ఠ జరిమానాలో సగం అవుతుంది, అంటే 173 యూరోల చలానా 347కు చేరుతుంది. తపాలా, నోటీసు ఖర్చులు వీటన్నిటికీ అదనం.

తెలంగాణ వాహనదారుడి అలవాటు ఇక్కడ అతనికే శత్రువు. 2022లో పెండింగు చలానాల మీద ద్విచక్ర వాహనాలకు 75 శాతం, 2023 చివర ప్రకటించిన విడతలో 80 శాతం రాయితీ ఇచ్చారు. ఆగినవాడికి లాభం, వెంటనే కట్టినవాడికి నష్టం అన్న పాఠం అలా జనంలో నాటుకుపోయింది. ఇటలీ చట్టం దీనికి పూర్తిగా తలకిందులు: రాయితీ అంతా మొదటి 5 రోజుల్లోనే ఉంది, ఆ తరువాత ప్రతి గడువూ పెంపే తెస్తుంది, లోక్ అదాలత్ వంటి రాజీ ఏదో వస్తుందని ఎదురుచూసేవారికి రావడానికి అక్కడ ఏమీ లేదు. చలానా పద్ధతిగా చూస్తే ఇటలీవారిదే సరైనదని ఒప్పుకోవాలి, ఎందుకంటే నిజాయితీగా ముందు కట్టినవారిని అది చిన్నబుచ్చదు.

చెల్లింపు కార్డుతో చేయడం అన్నిటికన్నా సులభం. ఇటలీలో ప్రభుత్వ సంస్థలకు డబ్బు కట్టడానికి పాగోపీఏ అనే ఉమ్మడి వేదిక ఉంది, చలానా మీది నంబరుతో అందులోనో, సంబంధిత పోలీసు విభాగపు సైటులోనో అంతర్జాతీయ లావాదేవీలకు అనుమతి ఉన్న కార్డుతో కట్టవచ్చు. బ్యాంకు బదిలీ చేసేవారు రెండు విషయాల్లో జాగ్రత్త పడాలి. డబ్బు అక్కడి ఖాతాకు చేరడానికి రోజులు పడుతుంది కనుక 5 రోజుల రాయితీకి ఆ దారి నమ్మదగినది కాదు. మధ్యలోని బ్యాంకులు తమ రుసుము మినహాయించుకుంటే అవతల చేరే మొత్తం రెండు మూడు యూరోలు తగ్గుతుంది. తక్కువ చేరిన సొమ్మును పూర్తి చెల్లింపుగా కాక పాక్షిక చెల్లింపుగా పరిగణించి మిగతాది పెంచిన లెక్కతో అడుగుతారు. అందుచేత బదిలీ ఖర్చులన్నీ పంపేవారే భరించే పద్ధతిని బ్యాంకులో ఎంచుకోవాలి, చలానా నంబరును, కారు నంబరును తప్పక రాయాలి.

10 కిలోమీటర్లకు మించిన అతివేగానికి ఇటలీలో లైసెన్సు పాయింట్ల కోత కూడా ఉంటుంది కాబట్టి ఆ వేళ నడిపినది ఎవరో తెలపమని చలానాతో పాటు ఒక ఫారం వస్తుంది. ఒప్పందం తండ్రి పేరు మీద ఉండి కారు కొడుకు నడిపి ఉంటే ఆ సంగతి రాయవలసింది ఇందులోనే. జరిమానా కట్టాం కదా అని దీన్ని ఖాళీగా వదిలేస్తే, వివరాలు ఇవ్వనందుకు 291 యూరోలతో మొదలయ్యే విడి జరిమానా వేసే అధికారం చట్టంలో ఉంది.

కాదనే హక్కు, కట్టకపోతే జరిగేది

చలానాను ప్రశ్నించడానికి రెండు దారులున్నాయి. జిల్లాలో కేంద్ర ప్రభుత్వ ప్రతినిధిగా ఉండే ప్రిఫెట్టోకు 60 రోజుల లోపు ఖర్చు లేకుండా విజ్ఞప్తి పంపవచ్చు, అయితే అది తిరస్కరిస్తే జరిమానా కనిష్ఠ మొత్తానికి రెట్టింపు తగ్గకుండా పడుతుంది. 'జూదిచె ది పాచె' అనే చిన్న తగాదాల న్యాయమూర్తి దగ్గరికి ఇటలీ నివాసులు 30 రోజుల్లో వెళ్లాలి, విదేశాల్లో ఉండేవారికి 60 రోజులు ఇచ్చారు. చిన్న మొత్తాలకు కోర్టు రుసుము 43 యూరోలు. ఒకసారి జరిమానా కట్టేస్తే మాత్రం ఈ రెండు తలుపులూ మూసుకుపోతాయి. 2024 ఏప్రిల్‌లో ఇటలీ అత్యున్నత న్యాయస్థానం ఆటోవెలోక్స్ యంత్రానికి మంత్రిత్వ శాఖ ఆమోదం ఉంటే చాలదని, సాంకేతిక ప్రమాణాల ధ్రువీకరణ విడిగా ఉండాలని తీర్పు చెప్పడంతో అక్కడ వేలాదిమంది చలానాలను ప్రశ్నించడం మొదలుపెట్టారు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కూర్చుని ఇటాలియన్ భాషలో ఈ వాదం నడపాలంటే అక్కడి న్యాయవాది ఫీజే జరిమానాను దాటుతుంది కాబట్టి, కారు తనది కాకపోవడం, సమయం పొసగకపోవడం, 360 రోజుల గడువు స్పష్టంగా మించిపోవడం వంటి కాగితంతో రుజువయ్యే కారణం ఉన్నప్పుడు మాత్రమే ఈ దారి పట్టడం వివేకం.

కట్టకుండా ఊరుకుంటే ఏమవుతుందన్న ప్రశ్న చాలామంది మనసులో ఉంటుంది, దానికి చట్టం ఇచ్చే జవాబును దాచనవసరం లేదు. కొన్ని దేశాల కోర్టుల డిక్రీలను మన కోర్టుల ద్వారా అమలు చేసుకోవడానికి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని 44-ఎ సెక్షన్ వీలు కల్పిస్తుంది గాని, పన్నులను, జరిమానాలను ఆ పరిధి నుంచి అదే సెక్షన్ స్పష్టంగా తప్పించింది. ఆ దారిలో ఇటలీ చలానా కోసం ఇక్కడి ఇంటి మీదికి కోర్టు అమీను రాడు. కాని బాకీ అక్కడే ఉంటుంది, పెరుగుతుంది: అమలు దశకు చేరిన జరిమానాకు ప్రతి ఆరు నెలలకు 10 శాతం చొప్పున కలుపుతారు. దాన్ని వసూలు చేసే హక్కు 5 ఏళ్లు ఉంటుంది, మధ్యలో నోటీసు అందినప్పుడల్లా ఆ 5 ఏళ్లు మళ్లీ మొదటి నుంచి మొదలవుతాయి. ఐరోపాలో ఉద్యోగానికో చదువుకో వెళ్లే పిల్లలున్న కుటుంబాలకు, మళ్లీ మళ్లీ అక్కడికి ప్రయాణించేవారికి ఈ బాకీని మోసుకు తిరగడం 121 యూరోల కన్నా ఖరీదైన పని. ఆ ఊరి పేరు రాసిన పలక వెనుక నడిచి వెళ్లే ముసలివారు, బడి పిల్లలు ఉన్నారు. 50 అన్న పరిమితి వారి కోసమే పెట్టినది, పన్ను కోసం కాదు.

ఇతర దేశాల్లో ఇదే కథ వేర్వేరు మలుపులు తిరుగుతుంది. బ్రిటన్‌లో మొదటి నోటీసు 14 రోజుల లోపే వాహన యజమానికి, అంటే అద్దె సంస్థకు చేరాలి. సంస్థ పేరు చెప్పిన డ్రైవరు 28 రోజుల లోపు తానే నడిపానో కాదో రాసి పంపాలి, పంపకపోవడం అతివేగం కన్నా పెద్ద నేరమవుతుంది. సాధారణ జరిమానా 100 పౌండ్లు. వేల్స్‌లో 2023 సెప్టెంబరు నుంచి జనావాస వీధుల పరిమితి 30 మైళ్ల నుంచి 20 మైళ్లకు దిగిన సంగతి పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులకు తెలిసి ఉండాలి. బ్రిటన్ వీసా దరఖాస్తులో డ్రైవింగు తప్పులకు పడిన శిక్షల గురించి ప్రశ్న ఉంటుంది కాబట్టి అక్కడి కాగితాలు పోగొట్టుకోకూడదు. జర్మనీలో బాధ్యత కారు నడిపినవాడిది మాత్రమే, అందుకే అక్కడి కెమెరా ముందు వైపు నుంచి ముఖాన్ని కూడా తీస్తుంది. స్విట్జర్లాండ్‌లో ఊరి లోపల, మినహాయింపు పోగా, 11 నుంచి 15 కిలోమీటర్లు మించితే 250 ఫ్రాంకులు, ఆపైన విషయం స్థిర జరిమానాల పట్టిక దాటి న్యాయాధికారి దగ్గరికి వెళుతుంది, కట్టని జరిమానా జైలు రోజులుగా మారే ఏర్పాటు కూడా ఉంది. అమెరికాలో చాలాచోట్ల ఇప్పటికీ పోలీసే కారు ఆపి చేతికి టికెట్ ఇస్తాడు, దాని మీది కోర్టు తేదీ నాటికి కట్టడమో హాజరు కావడమో చేయకపోతే వారెంటు దాకా వెళ్లే రాష్ట్రాలున్నాయి.

కారు తిరిగి అప్పగించేటప్పుడు ఇచ్చిన గంట రాసి ఉన్న రసీదును, ఒప్పందంలోని అన్ని పుటలను ఫోనులో ఫొటో తీసి ఉంచుకుని, కనీసం ఏడాదిన్నర వరకు చెరపకుండా ఉండాలి. ఈలోగా ఇల్లు మారినవారు పాత ఇంటి యజమానికో అపార్టుమెంటు వాచ్‌మన్‌కో విదేశీ కవరు వస్తే కబురు చేయమని చెప్పి ఉంచితే 5 రోజుల రాయితీ చేజారదు. జరిమానా కట్టిన తరువాత వచ్చే రసీదును మాత్రం అంతకన్నా ఎక్కువ కాలం, చలానాతో కలిపి 5 ఏళ్లు దాచాలి, ఎందుకంటే అదే చలానాకు రెండోసారి నోటీసు వచ్చినప్పుడు సొమ్ము కట్టిన తేదీ చూపగలిగేది ఆ కాగితం ఒక్కటే.